వేట విరామకాలంలో ఔట్‌బోర్డ్ మోటార్లలో మిగులు ఇంధన నిర్వహణ

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, సముద్రంలో మరపడవలు, మోటారు పడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడేందుకు ఉద్దేశించిన ఈ విరామంలో వలలు బాగుచేసుకోవడం, పడవలకు రంగులు వేయడం, ఫైబరు పగుళ్లు పూడ్చడం వంటి పనులు తీర గ్రామాలలో విరివిగా సాగుతాయి. ఔట్‌బోర్డ్ మోటారును మాత్రం పడవ వెనుక బల్ల నుంచి విప్పి, వసారాలోనో పాకలోనో ఒక మూల నిలబెట్టి, గోనెపట్టా కప్పి వదిలేయడం పరిపాటి. దాని లోపల మిగిలిపోయిన కొద్దిపాటి ఇంధనం ఎవరి దృష్టికీ రాదు.

ఆ నిర్లక్ష్యానికి మూల్యం నిషేధం ముగిసిన నాడు చెల్లించవలసి వస్తుంది. తాడు ఎన్నిసార్లు లాగినా మోటారు అందుకోకపోతే ఒక రోజు వేట పోతుంది. అంతకంటే ప్రమాదకరమైన స్థితి మరొకటి ఉంది. మోటారు ఒడ్డున చక్కగా తిరిగి, కెరటాలు విరిగే చోటును దాటే సమయంలో, పూర్తి బలం అవసరమైన క్షణంలో నీరసించిపోవచ్చు. నైరుతి రుతుపవనాలు ప్రవేశించే జూన్ నెలలో నదుల మొగల వద్ద అలలు ఉధృతంగా ఉంటాయి. అక్కడ మోటారు ఆగితే పడవ అలకు అడ్డం తిరుగుతుంది. కాబట్టి మిగులు ఇంధన నిర్వహణను యంత్ర సంరక్షణలో భాగంగా మాత్రమే చూడడం సరిపోదు. మత్స్యకారుల ప్రాణరక్షణతో దానికి నేరుగా సంబంధం ఉంది.

ఈ విషయంలో క్షేత్రస్థాయిలో పరస్పర విరుద్ధమైన సలహాలు వినిపిస్తాయి. ట్యాంకు నిండుగా ఉంచాలని కొందరు, పూర్తిగా ఖాళీ చేయాలని కొందరు, ఏదో ఒక మందు కలిపితే చాలునని మరికొందరు చెబుతారు. ఇంధనం ఎక్కడ మిగిలింది, అక్కడ అది ఏ కారణంగా చెడుతుంది, విరామం ఎన్ని రోజులు అనే మూడు ప్రశ్నలను వేరుచేసి చూస్తే ఈ గందరగోళం తొలగిపోతుంది.

ఇంధనం మిగిలే మూడు చోట్లు

పెట్రోలుతో నడిచే కార్బురేటర్ రకం ఔట్‌బోర్డ్ మోటారులో ఇంధనం మూడు చోట్ల నిలుస్తుంది. మొదటిది విడిగా ఉండే ట్యాంకు. రెండవది ట్యాంకు నుంచి మోటారు వరకు ఉండే రబ్బరు గొట్టం, దాని మధ్యలో చేత్తో నొక్కే ప్రైమర్ బల్బు, మోటారు లోపలి ఫిల్టరు. లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, పొడవు 2 మీటర్లు ఉన్న గొట్టంలోనే దాదాపు 100 మిల్లీలీటర్ల ఇంధనం పడుతుంది. మూడవది కార్బురేటరు అడుగున ఉండే ఫ్లోట్ గిన్నె. ఇందులో పట్టేది కొన్ని పదుల మిల్లీలీటర్లు మాత్రమే.

పరిమాణాన్ని చూస్తే ట్యాంకులోని ఇంధనమే ముఖ్యమనిపిస్తుంది. మత్స్యకారుని ఆందోళన కూడా సహజంగా దాని చుట్టూనే ఉంటుంది, ఎందుకంటే అది డబ్బు పెట్టి కొన్నది. కాని విరామం తరువాత మోటారు మొరాయించడానికి చాలా సందర్భాలలో మొదటి కారణం ఫ్లోట్ గిన్నెలోని ఆ కొద్దిపాటి ఇంధనమే. తక్కువ పరిమాణం, గాలితో నిరంతర సంపర్కం, అతి సన్నని రంధ్రాల సామీప్యం ఈ మూడూ అక్కడ కలుస్తాయి.

కార్బురేటరులో జరిగే మార్పు

పెట్రోలు ఒకే రసాయన పదార్థం కాదు. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 200 డిగ్రీలకు పైగా వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద మరిగే అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం అది. చల్లని మోటారు తొలి లాగుడుకే అందుకోవడానికి తోడ్పడేవి తేలికైన, త్వరగా ఆవిరయ్యే భాగాలు. ఫ్లోట్ గిన్నెకు గాలి ఆడే రంధ్రం ఉంటుంది కనుక ఈ తేలికైన భాగాలు ముందుగా ఆవిరైపోతాయి. ఏప్రిల్, మే నెలల ఎండకు రేకుల పాకలో ఉంచిన మోటారు విషయంలో ఈ క్రియ మరింత వేగంగా జరుగుతుంది. కొద్ది రోజులకు గిన్నె అడుగున బరువైన భాగాలు మాత్రమే మిగులుతాయి.

ఇదే సమయంలో రెండవ మార్పు మొదలవుతుంది. పెట్రోలులోని అసంతృప్త హైడ్రోకార్బన్లు గాలిలోని ఆక్సిజనుతో చర్య జరిపి పెరాక్సైడ్లుగానూ, అవి ఒకదానితో ఒకటి గొలుసుగా కలిసి జిగురు పదార్థాలుగానూ మారతాయి. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడు స్థూలంగా రెట్టింపవుతుందన్న సామాన్య సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. రాగి, ఇత్తడి వంటి లోహాల సంపర్కం ఈ ఆక్సీకరణాన్ని త్వరితం చేస్తుంది. కార్బురేటరు జెట్లు సాధారణంగా ఇత్తడితో చేసినవే. ఆవిరి కాగా మిగిలిన జిగురు మొదట పలుచని పూతగా, తరువాత గోధుమరంగు వార్నిష్ పొరగా జెట్ల రంధ్రాలలో గట్టిపడుతుంది.

జెట్ల రంధ్రాలు మిల్లీమీటరు కంటే, పైలట్ జెట్ విషయంలో తరచుగా అర మిల్లీమీటరు కంటే సన్ననివి. రంధ్రంలో ఇంధనం ప్రవహించే పరిమాణం దాని వైశాల్యంపై ఆధారపడుతుంది. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. అర మిల్లీమీటరు రంధ్రం చుట్టూ 0.05 మిల్లీమీటరు మందం పూత ఏర్పడితే వ్యాసం 0.4 మిల్లీమీటరుకు, వైశాల్యం మొదటి దానిలో 64 శాతానికి తగ్గిపోతుంది. కంటికి ఆనని పూత ఇంధన సరఫరాలో మూడవ వంతుకు పైగా కోత పెడుతుందన్న మాట.

ఏ జెట్ పూడుకున్నదో మోటారు ప్రవర్తనను బట్టి ఊహించవచ్చు. పైలట్ జెట్ పూడితే మోటారు చోక్ మీద మాత్రమే అందుకుంటుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆగిపోతుంది, వేగం పెంచితే బాగానే ఉన్నట్లు కనబడుతుంది. మెయిన్ జెట్ పూడితే ఇందుకు విరుద్ధంగా నెమ్మదిగా చక్కగా తిరిగి, వేగం పెంచగానే గొంతు పట్టేస్తుంది. ఈ రెండవ లోపం ఒడ్డున డ్రమ్ము నీటిలో నడిపి చూసినప్పుడు బయటపడకపోవచ్చు. సముద్రంలో భారం పడినప్పుడే అది తెలుస్తుంది.

ట్యాంకులో జరిగే మార్పు

ట్యాంకు మూత గట్టిగా ఉంటే లోపలి ఇంధనం ఫ్లోట్ గిన్నెలో ఉన్నంత త్వరగా ఆవిరి కాదు. అక్కడి ప్రధాన శత్రువు నీరు. ఈ సమస్య తీవ్రత ఇటీవలి కాలంలో మారడానికి కారణం ఇథనాల్. దేశంలో పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం సగటున 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. అనేక ఔట్‌బోర్డ్ మోటార్ల వాడుక పుస్తకాలు గరిష్ఠంగా 10 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనాన్నే అనుమతిస్తున్నాయి. అందువల్ల విస్తరణ సిబ్బంది ముందుగా ఆయా మోటారు వాడుక పుస్తకంలోని ఇంధన నిబంధనను చదివించడం అవసరం.

ఇథనాల్ అణువు అటు నీటితోనూ ఇటు హైడ్రోకార్బన్లతోనూ కలుస్తుంది. ఇథనాల్ లేని పెట్రోలులో నీరు దాదాపుగా కరగదు. పడిన నీరు అడుగున చిన్న మడుగుగా నిలుస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు తన పరిమాణంలో సుమారు అర శాతం వరకు నీటిని కరిగించుకోగలదు. ఇథనాల్ పాలు పెరిగితే ఈ పరిమితి పెరుగుతుంది, ఉష్ణోగ్రత పడిపోతే తగ్గుతుంది. పరిమితి దాటిన మరుక్షణం ఇథనాల్‌లో అధికభాగం నీటితో కలిసి పెట్రోలును విడిచిపెట్టి, వేరొక పొరగా అడుగుకు దిగిపోతుంది. మధ్యాహ్నపు ఎండలో తేటగా ఉన్న ఇంధనం వాన కురిసిన రాత్రి మబ్బుగా మారి తెల్లవారేసరికి రెండు పొరలుగా కనిపించడానికి కారణం ఇదే.

10 లీటర్ల ఇ20 పెట్రోలులో 2 లీటర్ల ఇథనాల్ ఉంటుంది. పొర విడిపోతే అడుగున చేరేది గరిటెడు నీరు కాదు, లీటరుకు మించిన నీటి-ఇథనాల్ ద్రవం. ట్యాంకులో ఇంధనాన్ని తోడే గొట్టం మూతి అడుగునే ఉంటుంది. కాబట్టి మోటారుకు మొదట చేరేది ఈ ద్రవమే. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాల్‌ను కోల్పోయినందున దాని ఆక్టేన్ సంఖ్య తగ్గి, భారం మీద మోటారు కొట్టుకునే అవకాశం ఉంటుంది.

ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుంది? తీరప్రాంతపు గాలిలోని తేమ వల్లనే ట్యాంకులో నీరు చేరుతుందని తరచుగా చెబుతారు. చిన్న లెక్క వేస్తే దాని పరిమితి తెలుస్తుంది. 25 లీటర్ల ట్యాంకు సగం ఖాళీగా ఉన్నదనుకుంటే అందులో 12.5 లీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల వద్ద పూర్తిగా తేమతో నిండిన గాలిలో ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీరు ఉంటుంది. అంటే ఆ 12.5 లీటర్లలో 0.4 గ్రాముకు లోపే. ట్యాంకులోని గాలి ప్రతిరోజూ ఒకసారి పూర్తిగా మారి, అందులోని తేమ యావత్తూ ఇంధనంలో చేరిందని అనుకున్నా, 61 రోజులకు చేరే నీరు 25 గ్రాములకు మించదు. 12.5 లీటర్ల ఇంధనంలో పొర విడిపోవడానికి 10 శాతం ఇథనాల్ విషయంలో 60 మిల్లీలీటర్లకు పైగా, 20 శాతం విషయంలో అంతకు మించి నీరు కావాలి.

కనుక మూత, గాలి స్క్రూ సరిగా మూసిన ట్యాంకులో కేవలం గాలి తేమతో రెండు నెలల్లో పొర విడిపోదు. అలా జరిగిందంటే ద్రవరూపంలో నీరు లోపలికి వెళ్లినట్లే. తెరిచి ఉన్న గాలి స్క్రూ మీదుగా వాననీరు, పగిలిన మూత రబ్బరు చుట్టం గుండా సముద్రపు తుంపరలు, కడిగి ఆరబెట్టని గరాటు, నీళ్లు మోసిన డబ్బాలో తెచ్చిన పెట్రోలు ఇందుకు సాధారణ మార్గాలు. చిన్న టీ గ్లాసెడు నీరు చాలు, సగం ట్యాంకు ఇంధనం చెడిపోవడానికి. తేమను ఎవరూ ఆపలేరు కాని ఈ దారులన్నీ మూయడం మత్స్యకారుని చేతిలోని పని.

టూ స్ట్రోక్ మోటార్లకు అదనపు ప్రమాదం

టూ స్ట్రోక్ మోటారుకు ప్రత్యేకమైన నూనె గది ఉండదు. పెట్రోలులో కలిసివచ్చే నూనెయే పిస్టనుకు, బేరింగులకు కందెన. ఈ నూనె హైడ్రోకార్బన్లలో కరుగుతుంది, నీటి-ఇథనాల్ పొరలో కరగదు. ముందుగానే నూనె కలిపిన ఇంధనంలో పొర విడిపోతే నూనె పై పొరలో ఉండిపోతుంది. అడుగు నుంచి తోడే గొట్టం మోటారుకు నూనె లేని ద్రవాన్ని అందిస్తుంది. ఫోర్ స్ట్రోక్ మోటారులో ఇదే ద్రవం చేరితే సాధారణంగా మోటారు ఆగిపోతుంది. టూ స్ట్రోక్ మోటారు ఆగేలోపు తిరిగిన కాసేపట్లోనే పిస్టను పట్టేసే ప్రమాదం ఉంది.

ఫ్లోట్ గిన్నెలోనూ నూనె సమస్య తెస్తుంది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె కలిపినప్పుడు, గిన్నెలోని 30 మిల్లీలీటర్ల ఇంధనం ఆవిరైతే 0.6 మిల్లీలీటరు నూనె మిగిలిపోతుంది. వారానికొకసారి మాత్రమే నడిపే మోటారులో ఇది పదేపదే జరిగి, నూనె జెట్ల చుట్టూ చిక్కటి మడ్డిగా పేరుకుంటుంది. మెయిన్ జెట్ సన్నబడి ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, మంట వేడి పెరుగుతుంది. పిస్టను కరగడానికి, గీతలు పడడానికి ఈ రెండూ కలిసి కారణమవుతాయి.

విరామాన్ని బట్టి చేపట్టవలసిన చర్యలు

మరునాటి వేట వరకు. ఒకటి రెండు రోజుల విరామంలో ఇంధనం చెడదు. గిన్నెను ఖాళీ చేయవలసిన పని లేదు. అయితే ట్యాంకును ఎండలో వదిలి, గాలి స్క్రూ మూసి, గొట్టాన్ని మోటారుకు తగిలించే ఉంచితే ట్యాంకులో పెరిగిన ఆవిరి పీడనం ఇంధనాన్ని ఫ్లోట్ సూది కవాటం దాటించి పొంగిస్తుంది. ఒడ్డుకు రాగానే గొట్టాన్ని మోటారు వద్ద విడదీయడం, గాలి స్క్రూ మూయడం, ట్యాంకును నీడకు చేర్చడం అనే మూడు పనులు ప్రతిదినం అలవాటు కావాలి.

వారం పైబడిన విరామం. తుపాను హెచ్చరికలు, పండుగలు, అనారోగ్యం వంటి కారణాలతో వారానికి మించి మోటారు ఆగేటట్లయితే ఫ్లోట్ గిన్నెను ఖాళీ చేయాలి. మోటారును మంచినీటి డ్రమ్ములో దించి నడుపుతూ గొట్టం విడదీస్తే గిన్నెలోని ఇంధనం అయిపోయి కాసేపటికి దానంతట అదే ఆగుతుంది. ఇందువల్ల లోపలి ఉప్పు కడిగివేయడం, ఇంధనం హరించడం ఒకే పనిలో పూర్తవుతాయి. నీరు లేకుండా మోటారును క్షణకాలమైనా నడపరాదు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ పాడవుతుంది. టూ స్ట్రోక్ మోటారును ఈ పనికి నెమ్మదైన వేగంలోనే నడపాలి. ఇంధనం అయిపోతున్న దశలో నూనె కూడా తగ్గుతుంది కనుక వేగం పెంచడం హానికరం.

నడిపి ఆపినంత మాత్రాన గిన్నె పూర్తిగా ఖాళీ కాదన్న విషయాన్ని గట్టిగా చెప్పవలసి ఉంది. ఇంధన మట్టం జెట్ మూతి కంటే కిందికి దిగగానే మోటారు ఆగిపోతుంది. దాని అడుగున కొంత ఇంధనం మిగులుతుంది. నీరు, మడ్డి ఉండేది కూడా అక్కడే. మోటారు చల్లారిన తరువాత గిన్నె అడుగున ఉన్న స్క్రూ విప్పి ఆ శేషాన్ని చిన్న గాజుసీసాలోకి దింపాలి. సీసాలో నీటి బిందువులు, తెల్లని పొడి లేదా గోధుమరంగు కనిపిస్తే లోపం ఎక్కడో ముందే తెలుస్తుంది. తేటగా ఉన్న ఇంధనాన్ని తిరిగి వాడుకోవచ్చు.

నిషేధకాలపు విరామం. 61 రోజుల విరామానికి ఈ క్రింది వరుస అనుసరణీయం.

1. నిషేధానికి ముందు వారంలోనే ఇంధన కొనుగోలును తగ్గించి, చివరి వేట నాటికి ట్యాంకులో అత్యల్పంగా మిగిలేటట్లు చూసుకోవాలి.

2. మంచినీటిలో మోటారును నడిపి, గొట్టం విడదీసి, దానంతట ఆగనిచ్చి, గిన్నె స్క్రూ ద్వారా శేషాన్ని దింపాలి. రెండు మూడు కార్బురేటర్లు ఉన్న మోటారులో ప్రతి గిన్నెనూ విడివిడిగా ఖాళీ చేయాలి.

3. గొట్టం, ప్రైమర్ బల్బులోని ఇంధనాన్ని డబ్బాలోకి దింపి, గొట్టాన్ని మడత పడకుండా నీడలో వేలాడదీయాలి. ఫిల్టరు గిన్నెలోని నీటిని తీసివేయాలి.

4. స్పార్క్ ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, ఆపే మీట తాడు తీసి ఉంచి, చేతి తాడును నెమ్మదిగా నాలుగైదుసార్లు లాగి, ప్లగ్గులను తిరిగి బిగించాలి.

5. ట్యాంకును ఖాళీ చేసి, అడుగున నీరు, మడ్డి లేకుండా చూసి, నీడలో ఆరబెట్టి మూత పెట్టాలి.

6. మోటారును నిలువుగా, గాలి ఆడే నీడలో ఉంచాలి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పితే తేమ లోపల నిలిచిపోతుంది. పలుచని బట్ట మేలు.

ఈ వరుస కార్బురేటర్ ఉన్న మోటార్లకు ఉద్దేశించినది. ఇంధన ఇంజెక్షన్ రకం మోటార్లలో అధిక పీడన పంపు ఇంధనంతోనే చల్లబడుతూ కందెన పొందుతుంది కనుక వాటిని ఇంధనం అయిపోయే వరకు నడపరాదు. వాడుక పుస్తకం చెప్పిన విధానమే పాటించాలి. పెట్రోలుతో మొదలై కిరోసినుకు మారే మోటార్లను ఆపే ముందు కొద్దిసేపు తిరిగి పెట్రోలు మీద నడిపి, గిన్నెలోని కిరోసినును హరింపజేయాలి. లేకపోతే చల్లని మోటారు మళ్లీ అందుకోదు.

మిగిలిన ఇంధనం ఏం కావాలి

ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా అన్న వివాదానికి సమాధానం ట్యాంకు రకంలో ఉంది. పడవలోనే అమర్చిన, పూర్తిగా ఖాళీ చేయడం వీలుకాని పెద్ద ట్యాంకులను వ్యాకోచానికి సుమారు 5 శాతం చోటు వదిలి నింపడం మంచిది. లోపల గాలి తగ్గితే ఆవిరి, ఆక్సీకరణ రెండూ తగ్గుతాయి. చిన్న పడవలలో వాడే, చేత్తో మోసుకుపోగల ట్యాంకులకు ఆ సలహా వర్తించదు. వాటిని ఖాళీ చేయడమే తేలిక, సురక్షితం కూడా.

నూనె కలపని, తేటగా ఉన్న పెట్రోలును ద్విచక్ర వాహనంలో వాడుకోవచ్చు. నూనె కలిపిన ఇంధనాన్ని ఫోర్ స్ట్రోక్ వాహనంలో పోయరాదు. దాన్ని గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో, నింపిన తేదీ, నూనె నిష్పత్తి రాసి, నీడలో ఉంచితే విరామం తరువాత కొత్త ఇంధనంతో కొద్దికొద్దిగా కలిపి వాడవచ్చు. కలిపే ముందు గాజుసీసాలో పోసి చూడాలి. పుల్లని ఘాటైన వాసన, ముదిరిన రంగు, మబ్బుదనం, రెండు పొరలు వీటిలో ఏది కనబడినా ఆ ఇంధనం మోటారుకు పనికిరాదు. విడిపోయిన పొరలను కుదిపి కలపడం, కొత్త పెట్రోలు పోసి సరిచేయాలనుకోవడం వ్యర్థ ప్రయత్నాలు. అటువంటి ఇంధనాన్ని ఇసుకలో, కాలువలో, సముద్రంలో పారబోయకుండా వేరుగా నిల్వచేసి అధీకృత వ్యర్థ సేకరణదారులకు అప్పగించాలి.

ఇంధనాన్ని నిలవ ఉంచే రసాయనాలలో ప్రధానంగా ఉండేవి ఆక్సీకరణ నిరోధకాలు. అవి తాజా ఇంధనంలో కలిపినప్పుడు జిగురు ఏర్పడడాన్ని ఆలస్యం చేస్తాయి. పాతబడిన ఇంధనాన్ని బాగుచేయవు, పొర విడిపోవడాన్ని సరిదిద్దవు. కలిపిన తరువాత మోటారును సుమారు 10 నిమిషాలు నడపకపోతే గిన్నెలో పాత ఇంధనమే ఉండిపోయి ఫలితం దక్కదు. నీటిని తొలగిస్తాయని చెప్పి అమ్మే ద్రవాలలో అనేకం ఆల్కహాలు ఆధారితమైనవి. ఇప్పటికే 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు వాటి వల్ల కలిగే అదనపు ప్రయోజనం స్వల్పం.

నిల్వలో భద్రత

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పడవ అడుగున, గది మూలల్లో నేల మట్టానికి పేరుకుని, దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. పొయ్యి, దీపం, బ్యాటరీ ఛార్జరు ఉన్న గదిలో ఇంధనం ఉంచరాదు. గిన్నె ఖాళీ చేసే పని ఆరుబయట, మోటారు చల్లారిన తరువాతే చేయాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా సాధారణంగా 30 లీటర్లకు మించి నిల్వ చేయరాదు. ఒక్కొక్క లోహపు పాత్రలో 25 లీటర్లకు మించరాదు. పది పడవల మిగులు ఇంధనాన్ని ఒకే ఇంట్లో చేర్చిపెట్టడం ఈ పరిమితిని సులభంగా దాటిస్తుంది.

గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోలు తోడే అలవాటును పూర్తిగా మాన్పించాలి. కొద్ది పరిమాణమైనా ఊపిరితిత్తులలోకి జారితే ప్రాణాంతకమైన వాపు కలుగుతుంది. పొరపాటున మింగినవారికి వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి. తోడడానికి ప్రైమర్ బల్బే చక్కని చేతిపంపుగా ఉపయోగపడుతుంది.

తిరిగి వేటకు వెళ్లే ముందు

నిషేధం ముగియడానికి కనీసం మూడు నాలుగు రోజుల ముందే మోటారును పరీక్షించాలి. తాజా ఇంధనం పోసి, బల్బు గట్టిపడే వరకు నొక్కి, గొట్టం చివరల్లో, గిన్నె స్క్రూ వద్ద చెమ్మ ఉన్నదేమో చూడాలి. పగుళ్లిచ్చిన, మెత్తబడి ఉబ్బిన రబ్బరు భాగాలను మార్చాలి. డ్రమ్ములో నడిపిన తరువాత ఒడ్డుకు దగ్గరగా, ప్రశాంతమైన నీటిలో, మనుషుల బరువుతో పూర్తి వేగంలో కొన్ని నిమిషాలు నడిపి చూడాలి. మెయిన్ జెట్ లోపం ఈ పరీక్షలోనే బయటపడుతుంది. జెట్లను సూదితో, తీగతో పొడవరాదు. ఇత్తడి రంధ్రం పెద్దదైతే ఇంధన నిష్పత్తి శాశ్వతంగా మారిపోతుంది. కార్బురేటర్ ద్రావణంలో నానబెట్టి గాలితో ఊదడం సరైన పద్ధతి.

విస్తరణ కార్యక్రమాలలో ప్రదర్శన

మాటల కంటే ప్రదర్శన ఇక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది. కొలత గీతలున్న గాజు జాడీలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీరు పోసి, మూసి కుదిపి నిలబెడితే అడుగు పొర 10 వద్ద ఆగకుండా ఇ20 పెట్రోలు విషయంలో 30 మిల్లీలీటర్ల దరికి పెరుగుతుంది. పెరిగిన భాగం పెట్రోలు నుంచి నీరు లాగుకున్న ఇథనాల్. అదే పరీక్షను నూనె కలిపిన రంగు ఇంధనంతో చేస్తే రంగు పై పొరలోనే నిలిచి, అడుగు పొర దాదాపు తేటగా కనిపిస్తుంది. నూనె లేని ద్రవం మోటారుకు చేరుతుందన్న సంగతి ఇక వేరుగా చెప్పవలసిన పని ఉండదు. ఈ ప్రదర్శనను ఆరుబయట, నిప్పుకు దూరంగా, కొద్ది పరిమాణంతోనే నిర్వహించాలి. మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం ఇందుకు అనువైన సమయం.

ఇదే పరిజ్ఞానం పొలానికీ వర్తిస్తుంది. పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, చిన్న పవర్ వీడర్లు పంటల మధ్య నెలల తరబడి వాడకం లేకుండా ఉంటాయి. వీటిలో చాలావాటి కార్బురేటర్లు ఇంకా చిన్నవి, జెట్లు ఇంకా సన్ననివి. తెగులు ఉధృతమైన రోజున స్ప్రేయరు అందుకోకపోతే రైతుకు జరిగే నష్టం వేట కోల్పోయిన మత్స్యకారుని నష్టానికి తీసిపోదు. యంత్ర పరికరాలను అద్దెకిచ్చే కేంద్రాలు ప్రతి యంత్రాన్నీ వెనక్కి తీసుకునేటప్పుడు ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయడాన్ని నియమంగా పెట్టుకోవచ్చు.

ముగింపు

మిగులు ఇంధనం కార్బురేటరులో ఆవిరై జిగురుగా మారడం వల్ల, ట్యాంకులో బయటి నీరు చేరడం వల్ల చెడుతుంది. మొదటిదానికి విరుగుడు గిన్నె అడుగున ఉన్న ఒక స్క్రూ. రెండవదానికి విరుగుడు సరిగా మూసిన మూత, పొడిగా ఉన్న గరాటు. వీటికి కొత్త పరికరాలేవీ అవసరం లేదు, ఒక పూట సమయం చాలు. ఏప్రిల్ 14 సాయంత్రం ఆ కొద్దిపాటి పని పూర్తిచేసిన పడవకు జూన్ 15 వేకువన మొగ దాటే బలం నిలిచి ఉంటుంది.